ఐసు కరిగేంతసేపూ థర్మామీటర్ కదల్లేదు. ఇచ్చిన వేడి ఎక్కడ జమ అయినట్టు?

చిట్టాపుస్తకం (ప్రశ్న)

నేను లెక్కలు రాసే మనిషిని. పదో తరగతి తర్వాత సైన్సు వదిలేసి కామర్సులోకి వెళ్లిపోయాను, మళ్లీ ఇటు తొంగి చూడలేదు. ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. పదార్థ స్థితుల పాఠం తనతో పాటు నేనూ మొదటి నుంచి చదువుతున్నాను. ఘనానికి ఆకారం ఉంటుంది, ద్రవానికి ఉండదు, వాయువు ఉన్న చోటంతా నిండిపోతుంది అన్న పట్టిక నాకింకా గుర్తే. అప్పట్లో అది బట్టీ కొట్టే మార్కులు తెచ్చుకున్నాను. ఈసారి చేసి చూద్దాం అనుకోవడంతో వచ్చింది చిక్కు.

పోయిన ఆదివారం ఐసు దంచి, 200 గ్రాములు తూచి స్టీలు గ్లాసులో వేశాం. −10 నుంచి 110 దాకా గీతలున్న గాజు థర్మామీటర్ మా అమ్మాయి స్కూల్ ల్యాబులో అడిగి తెచ్చుకుంది. చిన్న హాట్‌ప్లేటు మీద గ్లాసు పెట్టి, వేడి అన్నింటికంటే తక్కువలో ఉంచాం. తను గాజు కడ్డీతో కలుపుతూ కూర్చుంది. నేను నిమిషానికోసారి అంకె రాశాను.

మొదట −4. రెండో నిమిషానికి 0. అక్కడి నుంచి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మూడో నిమిషం 0, నాలుగో నిమిషం 0, ఏడో నిమిషం కూడా 0. హాట్‌ప్లేటు పనిచేస్తూనే ఉంది, చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతోంది. థర్మామీటర్ పాడైందేమోనని బయటికి తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. చకచకా 30 దాటింది. మళ్లీ గ్లాసులో పెడితే మళ్లీ 0. పదకొండో నిమిషంలో ఆఖరి ఐసు పలుకు కరిగిపోయింది, అప్పుడు కదిలింది మహాతల్లి. ఆ తర్వాత ఆగకుండా ఎక్కి 99 దగ్గర మళ్లీ మొరాయించింది. నీళ్లు తెర్లుతున్నాయి, ఇరవై నిమిషాలు చూశాం, 99 దాటదే! విసుగొచ్చి కట్టేశాం.

నా బాధ ఇది. మా వృత్తిలో ఒక చోట ఖర్చు రాస్తే ఇంకో చోట జమ కనిపించాలి. హాట్‌ప్లేటు తొమ్మిది నిమిషాలు వేడి ఇచ్చింది. థర్మామీటర్‌లో జమ సున్నా. ఆ వేడి ఏ ఖాతాలోకి పోయింది?

ఇంకొకటి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయని పుస్తకంలో ఉంది. తుడిచిన నేల 28 డిగ్రీల గదిలో పావుగంటలో ఆరిపోతోంది. అక్కడ 100 ఎవరిచ్చారు?

మా అమ్మాయేమో స్థితులు మూడు కాదు, ఐదు అంటోంది. అది తర్వాత చూసుకుందాం, ముందు నా తొమ్మిది నిమిషాల సంగతి చెప్పండి.

క్విక్‌నోట్స్

మేడమ్, దాన్ని గుప్తోష్ణం అంటారు. స్థితి మారేటప్పుడు ఉష్ణోగ్రత మారదు. ఉష్ణం = ద్రవ్యరాశి × గుప్తోష్ణం. ఐసుకు గ్రాముకు 80 కేలరీలు, ఆవిరికి 540. పరీక్షలో ఇంతే అడుగుతారు.

చిట్టాపుస్తకం

థ్యాంక్స్ బాబూ. కానీ గుప్తం అంటే దాచినది అనేగా? డబ్బు ఎక్కడికి పోయిందని అడిగితే "అది గుప్తధనం" అన్నట్టుంది. పేరు తెలిసింది, ఖాతా తెలియలేదు.

తెల్లచొక్కా మాస్టారు

అమ్మా, మీరు లెక్కల మనిషినని చెప్పడం నాకు కలిసొచ్చింది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను, ఈ ఒక్క చోట ఎన్ని రకాలుగా చెప్పినా వెనక బెంచీ ముఖాలు వెలిగేవి కావు. మీ భాషలో చెప్పి చూస్తాను.

ముందు, థర్మామీటర్ ఏ ఖాతా చూపిస్తుందో చూద్దాం. అది వేడి మొత్తాన్ని కొలవదు. అణువులు సగటున ఎంత జోరుగా కదులుతున్నాయో అదొక్కటే దానికి తెలుసు. ఆ కదలిక శక్తిని చేతిలో నగదు అనుకోండి. ఐసులో ఒక్కో నీటి అణువునీ చుట్టూ ఉన్న నాలుగు అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు వదిలించుకోవాలంటే శక్తి కట్టాలి. అంటే ఐసులోని ప్రతి అణువూ అప్పులో ఉందన్నమాట.

ఇప్పుడు హాట్‌ప్లేటు జీతం ఇస్తోంది. ఐసు −4 నుంచి 0 దాకా ఎక్కేటప్పుడు వచ్చిన జీతం నగదులో పడింది, థర్మామీటర్ చూపించింది. 0 దగ్గరికి రాగానే జీతమంతా అప్పు కిందికి పోవడం మొదలైంది. జీతం వస్తూనే ఉంది, నిల్వ మాత్రం పెరగడం లేదు. మీరు నిల్వ పుస్తకం ఒక్కటే చూసి డబ్బు మాయమైందంటున్నారు. అప్పుల పుస్తకం తిరగేస్తే అక్కడ గ్రాముకు 80 కేలరీల చొప్పున తీరుతూ కనిపిస్తుంది.

కరిగితే అప్పు మొత్తం తీరదు, కొంతే తీరుతుంది. ద్రవంలో కూడా అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. కాకపోతే పట్టు మార్చుకుంటూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారగలవు. నీళ్లు ఏ గ్లాసులో పోస్తే ఆ ఆకారం తీసుకుంటాయని మీరు బట్టీ పట్టిన ముక్క వెనకున్నది ఈ జారుడే. మరిగేటప్పుడు మాత్రం మిగిలిన అప్పంతా తీర్చేసి ఒక్కో అణువూ విడిగా వెళ్లిపోవాలి. అందుకే అక్కడ గ్రాముకు 540 కేలరీలు. దాదాపు ఏడింతలు. మీరు 99 దగ్గర ఇరవై నిమిషాలకే విసిగిపోయారు. ఆ గ్లాసు పూర్తిగా ఇగిరిపోవాలంటే గంటకు పైగానే కూర్చోవాల్సి వచ్చేది.

తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తలకిందులవుతుంది. ఆవిరి నీరుగా మారిందంటే మళ్లీ అప్పు చేసిందన్నమాట, అప్పు చేస్తే చేతికి నగదు వస్తుంది. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద పడి నీరైతే ముందే 540 కేలరీలు వదిలేస్తుంది. ఆ మరుగు నీరు ఒంటి వేడికి చల్లారడంలో వదిలేది ఇంకో 63 మాత్రమే. మరిగే నీళ్లు మీద పడ్డదానికంటే ఆవిరి తగిలిన చోట ఎక్కువ కాలేది ఇందుకే.

మీరు చేసిన ప్రయోగాన్నే జోసెఫ్ బ్లాక్ అనే ఆయన 1760ల మొదట్లో గ్లాస్గోలో చేశాడు, హాట్‌ప్లేటు లేకుండా. ఒకే రకం గాజు బుడ్లు రెండు. ఒకదాంట్లో ఐసు, ఇంకోదాంట్లో దాదాపు అంతే చల్లగా ఉన్న నీళ్లు. రెండింటినీ ఒకే గదిలో పెట్టాడు, అంటే రెండింటికీ గదిగాలి ఇచ్చే జీతం ఒకటే. నీళ్లు అర్ధగంటలో 7 ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కాయి. ఐసు కరిగి అదే ఉష్ణోగ్రతకు చేరడానికి పదిన్నర గంటలు, అంటే ఇరవయ్యొక్క అర్ధగంటలు పట్టింది. ఇరవయ్యొకటిని ఏడుతో గుణించి, కరిగిన నీళ్లు పైకి ఎక్కిన 8 డిగ్రీలు తీసేస్తే 139. మన కొలతల్లో గ్రాముకు 77 కేలరీలు. ఈరోజు పుస్తకాల్లో ఉన్న 80కి ఎంత దగ్గరో చూడండి. అంతకుముందు వరకూ, ఐసును కరిగే దాకా తీసుకొస్తే ఆ పైన కాస్తంత వేడి చాలు, మొత్తం కరిగిపోతుందని అనుకునేవారు. అదే నిజమైతే మంచు పడే చోట ఎండ కాసిన మొదటి రోజే కొండల మీది మంచంతా ఒక్కసారిగా నీరై ఊళ్లు కొట్టుకుపోవాలి కదా అన్నాడు బ్లాక్. నాకు ఆయన లెక్కకంటే ఈ మాటే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు మీకొక పని. మీ పుస్తకంలో నీళ్లు 80 డిగ్రీలకు చేరింది ఎన్నో నిమిషంలోనో చూడండి. గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కేలరీ కావాలి. అంటే 0 నుంచి 80కి తేవడానికి గ్రాముకు 80 కేలరీలు. ఐసును కరిగించడానికి పట్టిందీ అంతే. రెండు చోట్లా సమయం దగ్గరదగ్గరగా ఉండాలి. చూసి చెప్పండి.

99 గురించి టెన్షన్ పడకండి, థర్మామీటర్ బాగానే ఉంది. సముద్రమట్టం నుంచి దాదాపు 300 మీటర్లు ఎక్కితే నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది.

చిట్టాపుస్తకం

మాస్టారూ, అప్పుల పుస్తకం! ఇరవై ఐదేళ్ల కింద ఇలా చెప్పి ఉంటే నేను కామర్సులోకి వెళ్లేదాన్ని కాదేమో. లెక్క రాత్రికి తీస్తాను. నేల ఆరడం సంగతి కూడా చెప్పేయండి.

తెల్లచొక్కా మాస్టారు

సగటు అన్న మాట ఇందాక ఊరికే అనలేదు. 28 డిగ్రీల నీళ్లలో అణువులన్నిటి దగ్గరా ఒకేలా నగదు ఉండదు. ఢీకొట్టుకుంటూ ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాయి. ఏ క్షణాన చూసినా, మొత్తం అప్పు తీర్చేసి బయటపడేంత నగదున్నవి పైపొరలో కొన్ని ఉంటాయి. అవి గాలిలోకి లేచిపోతాయి. ఎక్కువున్నవి వెళ్లిపోతే మిగిలినవాటి సగటు పడిపోతుంది, అంటే నీళ్లు చల్లబడతాయి. అప్పుడు నేల నుంచీ గాలి నుంచీ వేడి వచ్చి ఆ లోటు పూడుస్తుంది, మళ్లీ కొన్ని లేస్తాయి. చేతికి శానిటైజర్ రాసుకుంటే చల్లగా అనిపించేదీ ఈ లోటే. దీన్ని ఇగరడం అంటాం, ఏ ఉష్ణోగ్రతలోనైనా జరుగుతుంది.

మరగడం వేరు. మరిగేటప్పుడు పైపొరలోనే కాదు, నీళ్ల లోపల కూడా ఆవిరి బుడగలు పుట్టాలి. పైనుంచి గాలి నొక్కుతూ ఉంటుంది కాబట్టి, బుడగలోని ఆవిరి ఒత్తిడి దానికి తక్కువైతే బుడగ నలిగిపోతుంది. వేడెక్కేకొద్దీ ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. గాలి ఒత్తిడితో సమానమైన చోట బుడగ నిలబడుతుంది. సముద్రమట్టంలో అది 100 డిగ్రీల దగ్గర. ఎవరెస్టు మీద గాలి పల్చన, దాదాపు 70 దగ్గరే మరిగిపోతాయి. కాబట్టి 100 అన్నది నీటి సొంత గుణం కాదు. నీళ్లకూ పైనున్న గాలికీ మధ్య కుదిరిన ఒప్పందం, గాలి మారితే ఒప్పందమూ మారుతుంది. మా పిల్లలు పరీక్షలో "నీటి మరుగు స్థానం 100" అని రాసి పక్కన ఒత్తిడి రాయకపోతే అర మార్కు కోసేవాణ్ని. తిట్టుకునేవాళ్లు.

గ్లాసు వేడెక్కగానే అడుగున కనిపించే సన్న బుడగలు మాత్రం ఆవిరి కాదు. నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికొస్తోంది, అంతే.

బీకరు బాబాయ్

నేను ల్యాబ్ అసిస్టెంటుని. మాస్టారు చెప్పినదాన్ని కళ్లతో చూడాలంటే సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి చాలు. 60 డిగ్రీల నీళ్లు 5 మిల్లీలీటర్లు పీల్చండి. అంతకంటే వేడివి వద్దు, చేతులు కాలతాయి. సిరంజి మొన పైకి పెట్టి లోపలి గాలంతా బయటికి తోసేయండి. ఇప్పుడు మొనని వేలితో గట్టిగా మూసి పిస్టన్ వెనక్కి లాగండి. ఒత్తిడి పడిపోగానే సిరంజిలో నీళ్లు బుడబుడా మరుగుతాయి. పిస్టన్ వదిలేస్తే టక్కున ఆగిపోతాయి. మంట లేదు, 100 లేదు. మా పిల్లలు దీన్ని పది సార్లు చేస్తారు, ఆపమంటే ఆపరు.

దీనికి తిరగేసింది చూడాలంటే లోపల కనిపించే సిగరెట్ లైటర్ ఒకటి పట్టుకోండి. ఊపితే కదిలేది బ్యూటేన్. మామూలు గాలి ఒత్తిడిలో అది −0.5 డిగ్రీల దగ్గరే మరిగిపోవాలి. లైటర్‌లో మూసిపెట్టి ఉంది కాబట్టి దాని సొంత ఆవిరే రెండు అట్మాస్ఫియర్లకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి రెండింతలకు పైగా నొక్కుతూ దాన్ని ద్రవంగా ఉంచుతోంది. మీట నొక్కితే ఆ కాస్త దారిలో వాయువై బయటికొస్తుంది.

ఇంకో మాట చెప్పాలని చాలా రోజులుగా ఉంది. ఉత్పతనం అనగానే అందరూ అయోడిన్ రాస్తారు. "ఘనం నుంచి నేరుగా వాయువు, మధ్యలో ద్రవం ఉండదు" అని. నేనూ అలాగే నమ్మాను, చాలా ఏళ్లు. ఒకసారి పరీక్షనాళికలో కాస్త ఎక్కువ అయోడిన్ వేసి, మూతికి దూది పెట్టి, నీళ్ల తొట్టిలో కాకుండా నూనె తొట్టిలో మెల్లగా వేడి చేశాను. ఊదా పొగ వచ్చింది, అది మామూలే. 114 దగ్గరికి వచ్చేసరికి అడుగున నల్లటి ద్రవం. నాళిక వంచితే సిరాలాగా జారింది. అయోడిన్ కరుగుతుంది! కరగకముందే బోలెడు ఆవిరి ఇస్తుంది కాబట్టి, కొంచెం అయోడిన్ వేసి గబగబా వేడి చేస్తే ద్రవం కంటపడే లోపే అంతా పొగైపోతుంది. అంత మాత్రాన ద్రవం లేదనడం తప్పు. ఇంట్లో ఎవరూ చెయ్యకండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేను ఫ్యూమ్ హుడ్‌లో, అంటే ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబు అరలో చేశాను.

మామూలు గాలి ఒత్తిడిలో నిజంగా ద్రవాన్ని దాటేసేది డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. −78.5 దగ్గర గడ్డ నేరుగా వాయువైపోతుంది. ద్రవం కావాలంటే కనీసం 5.1 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉండాలి. మా ల్యాబులో మెత్తటి ప్లాస్టిక్ పిపెట్ బుడ్డలో డ్రై ఐస్ పొడి వేసి, మూతిని పట్టకారుతో బిగించి, నీళ్లలో ముంచి చూపిస్తాం. కళ్లద్దాలు తప్పనిసరి. కొన్ని క్షణాల్లో లోపల తెల్ల పొడి కాస్తా నీళ్లలాంటి ద్రవమవుతుంది. పట్టు వదిలీ వదలగానే మళ్లీ తెల్ల పొడి. బుడ్డ పగిలేది కూడా తరచూ చూస్తాం, అందుకే ఇది కూడా ఇంట్లో వద్దు. డ్రై ఐస్‌ని గాజు సీసాలో పెట్టి మూత బిగించడం అయితే అసలు చెయ్యకూడని పని.

నీలిమంట

బాబాయ్ అయోడిన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒక నియమం ఉంది. దాదాపు ప్రతి శుద్ధ పదార్థానికీ ఘనం, ద్రవం, వాయువు మూడూ కలిసి నిలబడే ఒకే ఒక్క ఉష్ణోగ్రత, ఒత్తిడి జంట ఉంటుంది. దాన్ని త్రిక బిందువు అంటారు. ఆ ఒత్తిడి మన గాలి ఒత్తిడికంటే ఎక్కువైతే పదార్థం మన ముందు కరగదు, నేరుగా ఆవిరవుతుంది. కార్బన్ డయాక్సైడ్ కథ అదే. అయోడిన్‌కు అది గాలి ఒత్తిడిలో ఎనిమిదో వంతు కూడా ఉండదు, కాబట్టి కరిగి తీరాలి. నీటి త్రిక బిందువు 0.01 డిగ్రీ, 611 పాస్కల్స్. 1954 నుంచి 2019 దాకా కెల్విన్ అనే ఉష్ణోగ్రత కొలమానాన్నే దాని మీద నిలబెట్టారు.

చిట్టాపుస్తకం గారి అమ్మాయి "ఐదు" అన్నదాని గురించి. ఆ ఐదులో నాలుగోది ప్లాస్మా, ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు. పేరు 1928లో లాంగ్‌మ్యూర్ పెట్టాడు. మెరుపులో ఉండేది అదే, సూర్యుడూ అదే. ఐదోది బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్, విపరీతమైన చలిలో పరమాణువులన్నీ కలిసి ఒక్కటిలా ప్రవర్తించే స్థితి. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో చేసిన పని మీద ఐన్‌స్టైన్ ఊహించినది, 1995లో రుబీడియం పరమాణువుల్ని పరమశూన్యానికి (−273.15 డిగ్రీలు, అంతకంటే చల్లదనం లేదు) డిగ్రీలో కోటివంతుల దూరం దాకా చల్లబరిచి చేసి చూపించారు. అమ్మాయి చెప్పింది తప్పు కాదు. కానీ ఐదు దగ్గర ఆగడానికి కారణం కూడా లేదు. నాకు నచ్చే ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరిల్ బెంజోయేట్‌ని వేడి చేస్తే అది రెండుసార్లు కరిగింది. 145.5 దగ్గర కరిగి మబ్బుగా, పాలలాగా అయింది. 178.5 దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటగా అయింది. మధ్యలో ఉన్నది ఏమిటి? ద్రవంలా పారుతుంది, కానీ అణువులు స్ఫటికంలోలాగా ఒక వరస పాటిస్తాయి. ద్రవ స్ఫటికం. ఎల్‌సీడీ తెరలో ఉండేది ఆ జాతే. దాన్ని మూడు గడుల పట్టికలో ఏ గడిలో పెడతారు?

అందుకే స్థితి, ప్రావస్థ అన్న మాటల్ని వేరుగా వాడతాం. ప్రావస్థ అంటే గుణాలూ అమరికా అంతటా ఒకేలా ఉన్న భాగం. నూనె, నీళ్లు ఒక సీసాలో పోస్తే రెండూ ద్రవ స్థితే, కానీ ప్రావస్థలు రెండు. గ్రాఫైట్, వజ్రం రెండూ ఘన కార్బనే, ప్రావస్థలు వేరు. మామూలు ఐసు ఒక్కటే ఐసు కాదు, ఒత్తిడి పెంచుతూ పోతే వేరే అమరికలున్న ఐసులు డజనుకు పైగా వస్తాయి.

క్విక్‌నోట్స్

గాజు కూడా ద్రవమేనట కదా, పాత చర్చిల కిటికీ అద్దాలు కిందికి జారి అడుగున మందంగా ఉంటాయని మా సార్ చెప్పారు?

నీలిమంట

జారలేదు. అప్పట్లో గాజుని ఊది, గిర్రున తిప్పి పళ్లెంలా చేసి కోసేవాళ్లు. ఒక వైపు మందం, ఒక వైపు పల్చన రావడం సహజం. మందం వైపు కిందికి పెట్టి బిగించారు. కొన్ని కిటికీల్లో మందం పైకి కూడా ఉంది. గాజు ఘనమే, కాకపోతే అణువుల్లో వరస లేని ఘనం. దానికి కచ్చితమైన కరిగే ఉష్ణోగ్రత ఉండదు, మెల్లగా మెత్తబడుతుంది.

తెల్లచొక్కా మాస్టారు

నీలిమంట గారూ, మీరు చెప్పిందంతా సరైనదే, తొమ్మిదో తరగతి పిల్లకు మాత్రం ముందు మూడూ గట్టిగా రానివ్వండి. ఒక్కటి నేనూ కలుపుతాను, నోరూరిపోతోంది. మూసిన గట్టి పాత్రలో నీళ్లని వేడి చేస్తూ పోతే కింది ద్రవం వ్యాకోచించి పల్చబడుతుంది, పై ఆవిరి చిక్కబడుతుంది. 374 డిగ్రీలు, 218 అట్మాస్ఫియర్ల దగ్గర రెండూ ఒకటైపోతాయి, మధ్యన గీత చెరిగిపోతుంది. ఆ పైన ఇది ద్రవమా, వాయువా అన్న ప్రశ్నకే అర్థం ఉండదు. కార్బన్ డయాక్సైడ్‌కైతే ఆ గీత 31 డిగ్రీలకే చెరిగిపోతుంది. థామస్ ఆండ్రూస్ 1869లో ఇదే చూపించాడు. అంటే ద్రవానికీ వాయువుకీ మధ్య మనం గీసిన గోడ పూర్తిగా గోడ కాదు, చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి అవతలికి పోవచ్చు.

చిట్టాపుస్తకం

వచ్చేశాను, లెక్కతో. మాస్టారు చెప్పినట్టు నోట్‌బుక్ తిరగేశాం. కరగడం: రెండో నిమిషం నుంచి పదకొండో నిమిషం దాకా, 9 నిమిషాలు. 0 నుంచి 80 దాకా: పదకొండు నుంచి ఇరవై రెండు, 11 నిమిషాలు. రెండు నిమిషాలు తేడా వచ్చింది. లెక్క కుదరకపోతే నాకు నిద్ర పట్టదు, తేడా ఎక్కడుందో మా అమ్మాయీ నేనూ వెతికాం. తనే పట్టుకుంది. 80 డిగ్రీల గ్లాసు గదికంటే వేడి కాబట్టి పక్కలనుంచి వేడి కారిపోతోంది, పైనుంచి ఆవిరీ పోతోంది. అంటే జీతంలో కోత. 0 దగ్గరున్న గ్లాసుకేమో గదిగాలి కూడా ఎంతో కొంత ఇస్తోంది. పైగా దంచేటప్పుడే కొంత ఐసు తడిసింది, దాని అప్పు ముందే తీరిపోయింది. ఇవన్నీ కలిపితే 9, 11 పక్కపక్కనే ఉన్నట్టే కదా మాస్టారూ?

సిరంజి కూడా చేశాం. మొదటిసారి గాలి సరిగా తీయక ఏమీ కాలేదు. రెండోసారి నీళ్లు మరిగాయి. "అమ్మా, చల్లగా మరుగుతోంది" అని అరిచింది. చల్లగా కాదు, 60 డిగ్రీలు, కానీ నాకూ అలాగే అనిపించింది.

ఉత్సాహం ఎక్కువై నిన్న కొవ్వొత్తి మైనంతో కూడా చేశాం. నాళికలో మైనం వేసి వేడి నీళ్లలో కరిగించి, బయటికి తీసి చల్లారుతుంటే నిమిషానికోసారి రాశాం. ఎక్కడో ఒక చోట అంకె ఆగుతుందని కాచుకుని కూర్చున్నాం. ఆగలేదు! 58, 57, 56, 55, 55, 54, 53. నెమ్మదించింది, కానీ ఐసులాగా ఒక్క అంకె దగ్గర నిలబడలేదు. గ్రాఫ్ గీస్తే అడ్డగీత రాలేదు, వాలుగా వచ్చింది. ఈసారి మాత్రం థర్మామీటర్ పాడైందని మా అమ్మాయి ఒట్టు వేస్తోంది.

బీకరు బాబాయ్

థర్మామీటర్ జోలికి పోకండమ్మా. కొవ్వొత్తి మైనం ఒక్క పదార్థం కాదు. పొడుగులు వేర్వేరుగా ఉన్న కార్బన్ గొలుసుల మిశ్రమం. పొడుగువి ముందు గడ్డకడతాయి, పొట్టివి తర్వాత. ఒక్కోటి ఒక్కో చోట అప్పు చేస్తుంటే అంకె ఒకేచోట ఎలా నిలబడుతుంది? మేం కొత్త పొడి ఏదైనా వస్తే ముందు కరిగించి చూసేది ఇందుకే. ఒకటి రెండు డిగ్రీల్లోపు మొత్తం కరిగితే శుద్ధం, పది డిగ్రీలు సాగదీస్తే కల్తీ. అడ్డగీత చూడాలని ఉంటే స్కూల్ ల్యాబులో స్టియరిక్ ఆమ్లం ఉందేమో అడగమనండి. శుద్ధమైనదైతే 69 దగ్గర ఆగుతుంది. కాస్త తక్కువలో ఆగితే అందులో వేరేవి కలిశాయని అర్థం.